తుంగను పురుగు తినేస్తుందని సంబరపడొద్దు

సంపాదకుడు గారికి నమస్కారం,

తుంగ బాధ తీరాలంటే దాని కాడను తొలిచే బాక్ట్రా పురుగును పొలంలోకి వదిలితే చాలు, కలుపుమందుల ఖర్చు తప్పుతుందన్నట్టు మీ రైతు పేజీలో రాశారు. అది చదివి మా ఊళ్లో అప్పుడే ఆ పురుగులు ఎక్కడ అమ్ముతారని వాకబు చేస్తున్నారు, అందుకే ఈ ఉత్తరం.

ఆ పురుగు తుంగను తినే మాట నిజమే. తల్లిపురుగు చిన్నది, గోధుమరంగు, ఆకుల మీద గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు సుడిలోకి దూరి లోపల్లోపలే తింటూ మొదలు దాకా దిగుతుంది. పచ్చటి దుబ్బులో నడిమి ఆకు ఒక్కటే వాడి పసుపురంగుకు తిరిగితే పట్టుకుని లాగండి, ఇట్టే ఊడొస్తుంది, కింది కొస నమిలేసినట్టుండి తడి పెంట అంటుకుని ఉంటుంది. వరిలో మొవ్వు చావడం చూసినవాళ్లకు ఇది కొత్తేం కాదు.

కానీ చచ్చింది ఆ ఒక్క పిలకే! నేలలో గడ్డలు ఒకదానికొకటి గొలుసుకట్టుగా ఉంటాయి, పైన పిలక పోతే కింద ఇంకోటి మొలకేస్తుంది. హవాయిలో ఈ పని ఎప్పుడో చేసి చూశారు, 1925లో ఫిలిప్పీన్స్ నుంచి ఈ పురుగును తెప్పించి వదిలితే తుంగ మాత్రం దారికి రాలేదు. పైగా దీని గుడ్లను ట్రైకోగ్రామా అనే సన్నటి కందిరీగల్లాంటి పరాన్నజీవులు పాడుచేశాయి, అంటే మనం కాండం తొలిచే పురుగు మీదికి, అవి ఉన్న కార్డులు కొని మరీ వదిలే జాతివే.

ఇంకో సంగతి మీ వ్యాసంలో అసలు లేదు. తుంగ జాతి అందరికీ కలుపు కాదు. స్పెయిన్‌లో వాలెన్సియా దగ్గర చుఫా అనే తుంగను గడ్డల కోసమే సాగు చేస్తారు, ఆ గడ్డలతో తియ్యటి పానీయం చేసుకుంటారు, అక్కడ బాక్ట్రా జాతి పురుగంటే రైతులకు టెన్షన్. అంతదూరం ఎందుకు, తమిళనాడులో కావేరి పక్కన చాపల కోసం కోరై అనే తుంగ రకాన్ని పెంచుతారు. అక్కడ కాడే పంట, పురుగు తొలిచి బెజ్జం పడిన కాడను చాపలో ఎవరు అల్లుతారు? కలుపు మీదికని వదిలిన పురుగు పక్కవాడి పంట గట్టు దగ్గర ఆగుతుందా?

తుంగ గడ్డకు ఎండంటే పడదు. ఈసారి రాస్తే వేసవి దుక్కి ఎంత లోతు దున్నాలో, పైకొచ్చిన గడ్డల్ని ఎన్నాళ్లు ఎండనివ్వాలో రాయండి, ఏరువాక లోపు పనికొస్తుంది.

ఇట్లు,
ఒక పసుపు రైతు, గుంటూరు జిల్లా