యాక్సిలరేటర్ తొక్కితే బండి అందుకోవట్లేదా? ముందు తప్పెక్కడో చూడండి

సంపాదకులకు నమస్కారం.

మీ వాహనాల శీర్షికలో ఒక పాఠకుడు "యాక్సిలరేటర్ తొక్కినా బండి వెంటనే అందుకోవట్లేదు" అని అడిగితే థ్రాటిల్ బాడీ క్లీన్ చేయించుకోమని ఒక్క ముక్కలో తేల్చేశారు. అది పనికిరాని సలహా అనను కానీ, బండి పెట్రోలో డీజిలో కూడా అడక్కుండా అలా ఎలా చెప్పేస్తారు? పెట్రోల్ ఇంజిన్‌లో లోపలికి వెళ్లే గాలిని బట్టే శక్తి, ఆ గాలిని ఆపేదీ వదిలేదీ థ్రాటిల్ బాడీలో ఉండే పలకే కాబట్టి దాని అంచున మసి పేరుకుంటే ఐడ్లింగ్ (పెడల్ తొక్కకుండా ఇంజిన్ తిరగడం) తేడా చేస్తుంది, పెడల్ కాస్త తొక్కినప్పుడు బండి తడబడుతుంది. డీజిల్‌లో అలా కాదు, ఎంత డీజిల్ చిమ్ముతోందన్నదే అక్కడ లెక్క. చాలా డీజిల్ కార్లలో ఆ పలక ఉంటుంది గానీ, అది ఈజీఆర్ (పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) కోసం, ఇంజిన్ కుదుపు లేకుండా ఆగడం కోసం. దాన్ని ఎంత తోమినా పికప్ పెద్దగా మారదు.

ఇప్పటి కార్లలో పెడల్ నుంచి ఇంజిన్‌కి కేబుల్ ఉండదు. పెడల్ దగ్గర రెండు సెన్సర్లుంటాయి, రెండూ వేరువేరు వోల్టేజీలు పంపిస్తాయి, చాలా బళ్లలో ఒకదానిది రెండోదానిలో సగం ఉంటుంది. ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) వాటిని పోల్చి చూసుకుని, లెక్క కుదిరితేనే థ్రాటిల్ మోటారుని మామూలుగా తిప్పుతుంది. కుదరకపోతే పీ2138 లాంటి లోపం కోడ్ వేసి బండిని లింప్ మోడ్ అనే, శక్తిని తగ్గించి నడిపే స్థితిలోకి నెట్టేస్తుంది, ఇక ఎంత తొక్కినా ఒక హద్దు దాటి లాగదు. అలాంటి బండికి థ్రాటిల్ క్లీనింగ్ చేయిస్తే డబ్బు దండగ తప్ప ఇంకేమీ లేదు.

అందుకే ముందు ఓబీడీ స్కానర్ (ఈసీయూలోని సమాచారం చదివే పరికరం) పెట్టి కోడ్‌లు చదవాలి, ఆ తర్వాత లైవ్ డేటా, అంటే సెన్సర్లు అప్పటికప్పుడు చూపించే అంకెలు, చూడాలి. ఈ రెండో పని చాలామంది మెకానిక్‌లు చెయ్యరు, కోడ్ లేదు కాబట్టి బండి బాగానే ఉందనేస్తారు. పెడల్‌ని మెల్లగా చివరిదాకా తొక్కుతూ పెడల్ శాతం చూస్తే అది నున్నగా పెరగాలి, మధ్యలో ఎగిరినా పడినా సెన్సర్‌నో, దాని వైరింగ్‌నో అనుమానించాలి. (కొన్ని బళ్లలో పూర్తిగా తొక్కినా 100 చూపించదు, దానికి కంగారు పడక్కర్లేదు.) పెట్రోల్ బండిలో పెడల్ అంకె బాగానే పెరుగుతూ థ్రాటిల్ అంకె కదలకపోతే చూడాల్సింది థ్రాటిల్ బాడీని. రెండూ సరిగ్గా కదిలినా ఇంజిన్ మాత్రం లేవకపోతే పెడల్‌ని, థ్రాటిల్‌ని వదిలేసి గాలి, ఇంధనం, స్పార్క్, సైలెన్సర్ వైపు వెళ్లాలి. ఒక్క జాగ్రత్త, చౌక బ్లూటూత్ అడాప్టర్లు అంకెల్ని ఆలస్యంగా చూపిస్తాయి, దాన్ని చూసి పెడలే ఆలస్యం చేస్తోందని అనుకోకూడదు.

గాలి వైపు ముందు ఎయిర్ ఫిల్టర్, తర్వాత మాఫ్ సెన్సర్, అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచేది. దానిలోపలి సన్నటి తీగ మీద దుమ్ము పట్టేస్తే అది వచ్చే గాలిని తక్కువగా చూపిస్తుంది, ఈసీయూ ఇంధనం కూడా తక్కువే ఇస్తుంది. దాన్ని మాఫ్ క్లీనర్‌తోనే కడగాలి, కార్బ్యురేటర్ క్లీనర్ కొట్టి పాడుచేసుకున్నవాళ్లు ఉన్నారు. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ ఇంధనాన్ని ఎంత పెంచి, తగ్గించి సరిచేస్తోందో చూపే అంకె) ఎప్పుడు చూసినా ప్లస్ 10 శాతం పైనే ఉంటే ఎక్కడో గాలి లీకవుతోందనో, ఇంధనం చాలట్లేదనో అర్థం. టర్బో బండిలో ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) పైపులు చేత్తో తడిమి చూడండి, జాయింట్ దగ్గర ఆయిల్ తడి కొత్తగా కనపడుతూ, తొక్కినప్పుడు బుస్సుమని శబ్దం వస్తుంటే పైపు చిట్లిందో క్లిప్ వదులైందో అయ్యుంటుంది, టర్బో ఒత్తిడి చాలట్లేదని చెప్పే పీ0299 కోడ్ కూడా పడొచ్చు. ఐడ్లింగ్ బాగానే ఉండి ఆర్‌పీఎం పెరిగేకొద్దీ గొంతు నొక్కేసినట్టుంటే క్యాటలిటిక్ కన్వర్టర్ (సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే భాగం) మూసుకుపోయిందేమో చూడాలి, మిస్‌ఫైర్ అవుతున్న, అంటే ఇంధనం సరిగా మండని బండిని అలాగే తిప్పితే మండని పెట్రోల్ అక్కడికి చేరి మండి దాన్ని లోపల కరిగించేస్తుంది.

ఆర్‌పీఎం జోరుగా లేచి వేగం మాత్రం పెరగకపోతే ఇంజిన్ జోలికే వెళ్లక్కర్లేదు, క్లచ్ జారుతోంది. బ్రేక్ పట్టేసిన చక్రం కూడా ఇలాగే మోసం చేస్తుంది, కాసేపు నడిపి ఆపాక ఒక చక్రం దగ్గర మాత్రం వేడి ఎక్కువగా తగులుతుంది. ఇక పెడల్‌కి తగిలించే ఆ "బూస్టర్" డబ్బాలున్నాయి చూశారూ, అవి మీరు కొంచెం తొక్కితే ఎక్కువ తొక్కినట్టు ఈసీయూకి చెప్తాయి, అంతే. ఇంజిన్‌లో లేని శక్తిని ఎక్కడినుంచి తెస్తాయి?

నిజంగానే థ్రాటిల్ శుభ్రం చేయాల్సి వస్తే ఇగ్నిషన్ ఆపేసి, గుడ్డ మీద క్లీనర్ చల్లి తుడవాలి. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా పలకలో వేలు పెడితే మోటారు నలిపేయగలదు. తుడిచాక ఐడ్లింగ్ తేడాగా ఉంటే రీలెర్న్ (పలక స్థానాన్ని ఈసీయూకి మళ్లీ నేర్పించడం) చేయించాలి, కొన్ని బళ్లకి దానికి స్కానర్ కావాలి.

ఈ శీర్షిక రాసేవారు ఇకనుంచి జవాబిచ్చేముందు ఇంజిన్ లైటు వెలిగిందా, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఏ గేర్‌లో ఏ ఆర్‌పీఎం దగ్గర ఇలా అవుతోంది అని పాఠకుణ్ని అడిగి, ఆ వివరాలు కూడా అచ్చేస్తే మిగతావాళ్లు తమ బండితో పోల్చుకోగలుగుతారు.

ఇట్లు,
మీ పాఠకుడు