తేనెటీగకి జబ్బు చేస్తే ఎవరిని పిలవాలి? మంత్రి గారికి బహిరంగ లేఖ

ఒడిశా రాష్ట్ర వ్యవసాయ, రైతు సాధికారత శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మాది గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర, వంశధార ఒడ్డున. ఈ సంగతే ఒడియాలో అర్జీగా ఇదివరకే ఇచ్చాను. మళ్లీ తెలుగులో రాస్తున్నది మా చుట్టుపక్కల తేనెటీగల పెట్టెలు పెట్టుకున్నవాళ్లు కూడా చదువుతారని.

నాకు పది పెట్టెలుండేవి. సగం సబ్సిడీవి, సగం నేను కొన్నవి. అన్నిట్లోనూ మన పుట్ట తేనెటీగలే. పోయినేడు వానాకాలం వెళ్లేసరికి మూడు మిగిలాయి.

ఇక్కడ ఈగలకి తిండి ఎప్పుడు దొరుకుతుందో చెబుతాను. జనవరి, ఫిబ్రవరిల్లో జీడిమామిడి పూత, ఎండాకాలంలో కానుగ, చింత. జూలై నుంచి సెప్టెంబరు దాకా దాదాపు ఏమీ ఉండదు. ఏదైనా పూసినా వాన కడిగేస్తుంది. కొండల మీద వలిసెలు పూసేదాకా తేనెపట్టు ఆకలితోనే ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి జీడితోటలు పడిపోయాక ఆ కరువు ఇంకా ముదిరింది. తేనెటీగల దినమని మే 20న మీటింగులు పెడతారు, మంచిదే. ఈగ ఆకలితో చచ్చేది ఆగస్టులో.

ఆ కరువు నెలల్లో ఒక పది వారాలు పెట్టెకి వారానికి పావుకిలో పంచదారని పాకం చేసి పోస్తే చాలు. అంటే రెండున్నర కిలోలు. కిలో 45 రూపాయల లెక్కన 112 రూపాయల 50 పైసలు. వేల రూపాయల పెట్టె ఇచ్చి ఈ నూట పన్నెండు ఇవ్వకపోవడమే నాకు అర్థం కాలేదు. పెట్టె ఇచ్చినాయన పాకం మాటే ఎత్తలేదు.

నా తప్పూ ఉంది, దాచను. పంచదార కొనలేక బెల్లం నీళ్లు కలిపి, పట్టపగలు పళ్లెంలో పోసి పెరట్లో పెట్టాను. బెల్లం ఈగలకి అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి. పళ్లెం దగ్గర అన్ని పెట్టెల ఈగలూ కలిసి కొట్టుకున్నాయి. బలమున్నవి బలహీనమైన పెట్టెల్లో దూరి తేనె దోచుకొచ్చాయి, దాంతోపాటే జబ్బునీ తెచ్చుకున్నాయి. పాకం సాయంత్రం చీకటి పడ్డాక పెట్టె లోపలే పెట్టాలట. ఈ ఒక్క మాట ముందే ఎవరైనా చెప్పుంటే!

ఆ జబ్బు సాక్‌బ్రూడ్, పిల్లపురుగుల్ని చంపే వైరస్ జబ్బు. ఫ్రేము, అంటే పెట్టెలో పట్టు కట్టే చట్రం, తీస్తే పిల్లపురుగులు గదుల్లో తల పైకెత్తి చచ్చి ఉన్నాయి. పుల్లతో లాగితే నీళ్ల సంచిలా వచ్చాయి. 1991-92లో దక్షిణాదిన వేలాది పట్టుల్ని తుడిచిపెట్టింది ఈ వైరస్సే. ఫోన్ చేస్తే ఒక సిబ్బందాయన వచ్చి, పెట్టె మూత కూడా తియ్యకుండా టెట్రాసైక్లిన్ పొడి పాకంలో కలపమన్నాడు. అది బాక్టీరియా మీద పనిచేసే మందు. వైరస్‌కి ఆ మందు పనిచెయ్యదు. పైగా తేనెలో మందు అవశేషం ఉంటే కొనేవాడు వెనక్కి పంపుతాడు. పిల్లపురుగులకే వచ్చే ఇంకో జబ్బు యూరోపియన్ ఫౌల్‌బ్రూడ్, అది బాక్టీరియాతో వస్తుంది. అందులో పిల్లలు పసుపు రంగుకి మారి, గది మూత పడకముందే చస్తాయి, పుల్లటి వాసన వస్తుంది. రెంటినీ విడదీసి చూడగలిగినవాడు మాకు కావాలి. సాక్‌బ్రూడ్‌కి మందంటూ లేదు. రాణిని కొన్నాళ్లు బోనులో పెట్టి గుడ్లు పెట్టకుండా ఆపడం, జబ్బు పెట్టె ఫ్రేములు మరో పెట్టెలో వెయ్యకపోవడం, తట్టుకుని నిలిచిన పట్టు నుంచే కొత్త రాణిని తీసుకోవడం, ఇవే దారులు.

ఆవుకి జ్వరమొస్తే మా ఊరికి పశువైద్యం మనిషి వస్తాడు. ఈగకి వచ్చేవాడు లేడు. 2020లో కేంద్రం 500 కోట్లతో తేనెటీగల మిషన్ మొదలుపెట్టింది కాబట్టి డబ్బు సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆర్.ఉదయగిరి కృషి విజ్ఞాన కేంద్రంలో ఈగల జబ్బు తెలిసిన ఒక్క మనిషిని పెట్టించండి. జూలైలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి ఊళ్లు తిరిగితే చాలు. సబ్సిడీ పెట్టెతోపాటే మొదటి వానాకాలానికి పంచదార ఇవ్వండి. ఎలా పొయ్యాలో ఒక్క కాగితం మీద ఒడియా, తెలుగు, సవర మూడింట్లోనూ వేయించండి. కొండ మీద తేనె సంగతి మాకంటే సవరలకే బాగా తెలుసు, పెట్టె సంగతే వాళ్లకీ కొత్త.

ఇంకొకటి. 1936లో మా పర్లాకిమిడి వైపు ఒడిశాలో కలిసిందని ఈగలకి తెలియదు. అవి నది దాటి ఆంధ్రా పొలాల్లో పువ్వులకి వెళ్తాయి. అక్కడి ఈగలు ఇటొస్తాయి, జబ్బూ వస్తుంది. అవతలి జిల్లా అధికారులతో మాట్లాడి రెండు వైపులా ఒకేసారి పెట్టెలు చూసే ఏర్పాటు చెయ్యమని మనవి. పత్తి మీద మందు కొట్టే రోజు ముందుగా చెప్పుకోవాలన్నది మేమూ మేమూ చూసుకుంటాం, దానికి మీరక్కర్లేదు.

మిగిలిన మూడు పెట్టెల్లో ఒకటి గట్టిగా నిలబడింది. జబ్బు పక్కనే ఉన్నా దానికి అంటలేదు. విత్తనానికి పనికొచ్చే పట్టు అదేనేమో, తెలిసినవాళ్లెవరైనా వచ్చి చూడాలి. పంపిస్తే ఎండెక్కాక, వాన లేని పూట రమ్మనండి. మబ్బు పట్టిన రోజు మూత తీస్తే అవి ఊరుకోవు.

ఇట్లు,
కాశీనగర్ బ్లాకు నుంచి ఒక తేనెటీగల పెంపకందారు