అంకె చెబితే సరా, అర్థం ఎవరు చెబుతారు?

సంపాదకులకు,

పోయిన వారం మీ ఆరోగ్య పేజీలో వచ్చిన 'యాభై దాటిందా? పీఎస్ఏ తప్పనిసరి' వ్యాసం చదివి ఊరుకుందామనే అనుకున్నాను. పీఎస్ఏ అంటే మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ ఉందేమోనని చూసే రక్తపరీక్ష. కానీ నిన్న వాకింగ్‌లో మా బ్యాచ్ నలుగురూ ఆ పేపరు ముక్క జేబులో పెట్టుకుని ల్యాబ్‌కు బయల్దేరారు. అదే పేజీ కింద ఆ పరీక్షకే 'సగం ధర' ప్రకటన కూడా ఉంది. కాకతాళీయమే అయి ఉంటుంది లెండి.

రెండేళ్ల కిందట మా ఊరి కల్యాణ మండపంలో ఉచిత వైద్య శిబిరం పెట్టారు. బీపీ, షుగర్ చూసి, చెయ్యి చాపమని రక్తం తీశారు. దేనికమ్మా అంటే "అన్నిటికీ మాస్టారూ" అన్నారు. మూడో రోజు వాట్సాప్‌లో రిపోర్టు వచ్చింది. పీఎస్ఏ 7.8, పక్కన పైకి చూస్తున్న ఎర్ర బాణం. నాలుగు లోపు ఉండాలట. కంగారుగా ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి "బయాప్సీ ప్యాకేజీ ఉంది సార్, బుక్ చెయ్యమంటారా?" అంది, సినిమా టికెట్ అడిగినట్టు. బయాప్సీ అంటే గ్రంథిలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం. ఆ రాత్రి మా ఆవిడ దేవుడి గదిలోంచి బయటికి రాలేదు. నేను బీరువా తెరిచి బాండ్లు లెక్కపెట్టుకున్నాను.

చివరికి వేరే ఊళ్లో ఓ పెద్ద డాక్టరు గారు రిపోర్టు పక్కన పెట్టి మొదట అడిగిన మాట: "మూత్రంలో మంట ఉందా?" ఉంది. శిబిరానికి ముందు వారమంతా జ్వరం కూడా. ఇన్ఫెక్షన్ ఉన్నా, వయసుతో గ్రంథి ఉబ్బినా, మూత్రానికి గొట్టం వేసినా ఈ అంకె పెరుగుతుందట. ప్రోస్టేట్ వాపుకు వేసే ఫినాస్టెరైడ్ మాత్ర వాడుతుంటే సగానికి పడిపోతుందట, అంటే జబ్బున్నవాడికీ బాగానే కనిపించొచ్చు. నాకు యాంటీబయాటిక్స్ ఇచ్చి, రెండు నెలలాగి మళ్లీ చేయిస్తే 2.3. తగ్గకపోతే ముందు ఎమ్మారై తీసి, అనుమానం ఉన్నచోటే ముక్క తీసేవాళ్లమని చెప్పారు. ఇవన్నీ రక్తం తీయకముందు చెప్పాల్సిన మాటలు కావా? మీ వ్యాసంలో వీటికి ఒక్క వాక్యానికి చోటు లేదు. అమెరికా మాజీ అధ్యక్షుడు బైడెన్ గారి ఫొటోకు మాత్రం అరపేజీ.

ఆయన సంగతే చెప్పండి పోనీ. 2025లో 82వ ఏట ప్రోస్టేట్ క్యాన్సర్ బయటపడేటప్పటికే ఎముకలకు పాకింది. చివరిసారి పీఎస్ఏ చేయించింది 2014లో. ఆ తర్వాత ఎందుకు చేయలేదో నాకు తెలియదు గానీ, 70 దాటినవారికి ఈ పరీక్ష వద్దని, 55 నుంచి 69 లోపువారు డాక్టరుతో మాట్లాడి సొంతంగా నిర్ణయించుకోవాలని 2018లో అక్కడి నిపుణుల కమిటీయే చెప్పింది. మీ 'తప్పనిసరి' ఎక్కడిది?

ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ని, అలవాటు పోదు. యూరప్‌లో ఎనిమిది దేశాల్లో లక్షా అరవై వేల మందికి పైగా మగవాళ్లను 23 ఏళ్లు గమనించిన ఫలితాలు 2025లో వచ్చాయి. పిలవనివారితో పోలిస్తే, పీఎస్ఏ పరీక్షకు పిలిచినవారిలో ఈ క్యాన్సర్ చావులు 13 శాతం తగ్గాయి. అంటే 456 మందిని పిలిస్తే ఒక ప్రాణం నిలిచింది. అదనంగా జబ్బు బయటపడిన ప్రతి 12 మందికి ఒక ప్రాణం. మిగతా పదకొండు మందికీ క్యాన్సర్ అన్న ముద్ర, అందులో కొందరికి అవసరం లేని ఆపరేషను, ఆ తర్వాత మూత్రం ఆగకపోవడం, దాంపత్యం దెబ్బతినడం.

అలాగని పరీక్షే దండగ అనను. మా తోడల్లుడు ఏడాదిపాటు నడుం నొప్పికి నూనె రాయించుకున్నాడు. తీరా చూస్తే అది ప్రోస్టేట్ నుంచి ఎముకల్లోకి దిగిన జబ్బు. వాళ్ల నాన్నకూ అదే. అలాంటి ఇంట్లో పుట్టినవాణ్ని ముందే అడిగి చూడాల్సిందెవరు? ప్రభుత్వం 30 దాటినవారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ఇంటింటి స్క్రీనింగ్ అంటోంది, మంచిదే. ముసలి మగాడి ఊసు ఎక్కడా లేదు. పెద్దాసుపత్రికి వెళితే యూరాలజీ డాక్టరు వారానికో రోజు, ఆ రోజూ మీటింగు. మా బస్టాండ్‌లో మరుగుదొడ్డికి ఏడాదిగా తాళం. గంటకోసారి వెళ్లాల్సినవాళ్లు గోడ చాటుకు పోతే జరిమానా బోర్డు మాత్రం కొత్తగా పెట్టారు.

ఆ శిబిరం వాళ్లు వచ్చే నెల మళ్లీ వస్తున్నారు. మా గేటుకు కరపత్రం అంటించి వెళ్లారు. అందులో 'పీఎస్ఏ ఉచితం' అని బొద్దు అక్షరాల్లో ఉంది. డాక్టరు పేరు ఉండాల్సిన చోట ఫోన్ నంబరు ఉంది.

— విశ్రాంత లెక్కల మాస్టారు, తణుకు