కొయ్య చట్రపు ఇంటికి సిమెంటు మందు కాదు

సంపాదకులకు నమస్కారం.

ఇంగ్లండు పల్లెల్లోని కొయ్య చట్రపు పాత ఇళ్ల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. అయితే అందులోని రెండు మాటలను సరిదిద్దవలసి ఉంది. నల్లని దూలాలు, తెల్లని గోడలు ఆ ఇళ్లకు మొదటినుంచీ ఉన్న రూపమని రాశారు. చాలాచోట్ల ఆ నలుపు 19వ శతాబ్దంలో, విక్టోరియా రాణి కాలపు మోజు కొద్దీ పూసినది. అంతకుముందు ఓక్ కర్రను రంగు వేయకుండా వదిలేస్తే అదే ఎండకూ వానకూ బూడిద రంగుకు తిరిగేది, లేదా కర్రకూ గోడకూ కలిపి సున్నం కొట్టేవారు. ఇది చిన్న విషయమే. గోడల బీటలను సిమెంటుతో పూడిస్తే ఆ ఇళ్లు గట్టిపడతాయన్న రెండో మాట మాత్రం ప్రమాదకరమైనది.

ఆ ఇంటి బరువు మోసేది గోడ కాదు, చట్రం. కొత్తగా కొట్టిన పచ్చి ఓక్ దుంగలను చెక్కి, ఒకదాని చివరను నాలుకలా తీర్చి, రెండోదానిలో తొలిచిన బెజ్జంలో దూర్చి, అడ్డంగా కొయ్య సీల దిగ్గొట్టేవారు. వడ్రంగి తన ఆవరణలోనే చట్రాన్ని ఒకసారి పేర్చి చూసుకుని, ఏ కర్ర దేనితో కలవాలో తెలిసేలా రోమన్ అంకెలు గీసి, విప్పి, బండ్ల మీద తీసుకుపోయి నిలబెట్టేవాడు. కర్ర ఆరేకొద్దీ మెలి తిరుగుతుంది కనుక, ఫొటోల్లో కనిపించే ఆ వంకరల్లో చాలావాటిని కట్టడపు లోపమని అనుకోనక్కరలేదు. చట్రం నడుమ ఖాళీలను బద్దల తడికతో నింపి, మట్టి, పేడ, గడ్డి కలిపి మెత్తి, పైన సున్నం పూసేవారు. మన పల్లెల్లో తడిక గోడలు మెత్తినవారికి ఇందులో వింతేమీ ఉండదు. మట్టీ సున్నమూ తడిని పీల్చుకుని మళ్లీ వదిలేస్తాయి, కర్రతో పాటు కాస్త సర్దుకుంటాయి. సిమెంటు సర్దుకోదు. కర్ర పక్కన సన్నని పగులు వస్తుంది, అందులో దిగిన వాన నీరు బయటికి రాలేక లోపలి కర్రను చివికిస్తుంది.

సస్సెక్స్‌లోని ఆల్ఫ్రిస్టన్‌లో మతగురువు నివాసంగా పేరుపడిన ఇలాంటి గడ్డికప్పు ఇంటిని, అది శిథిలమై ఉండగా, 1896లో, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ 10 పౌండ్లకు కొన్నది. ఆ సంస్థ కొన్న మొదటి కట్టడం అదే. మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు చూశాము. అక్కడి నేలను సుద్దరాయితో దిమ్మిస కొట్టి, పులిసిన పాలు పోసి గట్టిపరిచారని చెబితే, అన్ని పాలు నేలపాలా అని మా ఆవిడ నొచ్చుకున్నది.

ఇంత పట్టుబట్టి రాయడానికి కారణం మా సొంత అనుభవమే. తెనాలి దగ్గర మా మండువా ఇంట్లో టేకు దూలం గోడలో దిగేచోట, సున్నం రాలిపోతున్నదని కొన్నేళ్ల క్రితం నేనే సిమెంటు పెట్టించాను. కిందటి వేసవిలో పెంకు తిరగవేయిస్తూ చూస్తే, ఆ దూలం చివర మూరెడు మేర వేళ్లతో నలిపితే పొడిగా రాలింది; సిమెంటు తగలని తక్కిన మూడు దూలాలు చెక్కుచెదరలేదు. మీ వ్యాసం చదివి మా వీధిలోనే ఒకరు తమ తాతల ఇంటికి సిమెంటు బస్తాలు తెప్పించుకుంటున్నారు. కనుక ఆ ఒక్క వాక్యానికైనా సవరణను వచ్చే ఆదివారంలోగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
బ్రాడీపేట, గుంటూరు