నా డౌట్‌కు జవాబు చెప్పే మనిషి మీ దగ్గర ఉన్నారా?

కోర్సు విభాగం మేనేజర్ గారికి,

నమస్కారం. నేను మిర్యాలగూడలో ప్రైవేటు స్కూల్ టీచర్ని. మీ కంపెనీ నడిపే ఆన్‌లైన్ ఎం.ఏ. ఎడ్యుకేషన్ చదువుతున్నాను. వీడియోలు బాగానే వస్తున్నాయి. నా బాధ అది కాదు.

మూడో యూనిట్‌లో గారిసన్, ఆండర్సన్, ఆర్చర్ అనే పరిశోధకులు 2000లో చెప్పిన పాఠం ఉంది. ఆన్‌లైన్ చదువులో విషయం ఒక్కటే ఉంటే చాలదు, తోటి విద్యార్థులు ఒకరికొకరు మనుషులుగా తెలియాలి, నడిపించే టీచరూ ఉన్నారనిపించాలి అని. ఈ చివరి రెంటికీ తేడా అర్థంకాక చర్చావేదికలో అడిగాను. ఐదు వారాలైంది. కింద పదకొండు మంది "నాకూ ఇదే డౌట్" అని రాశారు. టీచర్ మాట ఒక్కటీ లేదు. వీడియోలో సార్ "అర్థమైందా?" అని రెండు సెకన్లు ఆగి ముందుకెళ్లిపోతారు. ఒక రాత్రి వంటింట్లో కూర్చుని "కాలేదు సార్" అని పైకే అనేశాను.

హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. మొదటి అమ్మాయి నెట్ సరిగ్గా ఉందా అంది. రెండో అబ్బాయి యాప్ తీసేసి మళ్లీ వేసుకోమన్నాడు, వేసుకున్నాను. మూడో ఆయన ఇరవై నిమిషాలు లైన్లో ఉంచి, "వీడియో వస్తోంది కదా మేడం, ఇంక ప్రాబ్లం ఏంటి?" అన్నాడు. సాయంత్రానికి "మీ సమస్య పరిష్కారమైంది" అని మెసేజ్! మళ్లీ చేస్తే మొదట్నుంచీ చెప్పమన్నారు. అందరూ ఫిర్యాదు టికెట్ నంబరే అడిగారు, ఒక్కరూ నా పేరు అడగలేదు.

దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ 1982లో మాకు దగ్గర్లోని నాగార్జునసాగర్‌లోనే మొదలైంది. మా నాన్న అందులోనే డిగ్రీ చేశారు. ఆదివారాలు బస్సెక్కి నల్లగొండ స్టడీ సెంటర్‌కు వెళ్తే కౌన్సెలర్ సార్ పేరు పెట్టి పిలిచేవారట. అసైన్‌మెంట్ అంచున ఆయన ఎర్రసిరాతో "ఇక్కడ ఉదాహరణ ఏది?" అని రాసిన కాగితం ఇంకా మా బీరువాలో ఉంది. దూరవిద్య అంటే అడిగే దిక్కులేని చదువు అని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

ఇంతకుముందు మీ దగ్గరే సర్టిఫికెట్ కోర్సు చేశాను. బాగుందని నమ్మి మా స్కూల్లో ఇద్దరు టీచర్లను నేనే చేర్పించాను. ఇప్పుడు స్టాఫ్‌రూమ్‌లో వాళ్ల ముఖం చూడలేకపోతున్నాను.

ఫీజు సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు పాఠం తెలిసిన ఒక మనిషిని వారానికి గంటైనా మా ముందు కూర్చోబెట్టండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, ఆ తర్వాత నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. చర్చావేదికలో రాసిన ఆ పదకొండు మందీ నాతో వస్తామన్నారు.

మళ్లీ టికెట్ నంబర్ పంపకండి. జవాబు రాసినవాళ్ల పేరుతో ఉత్తరం పంపండి.

మీ విద్యార్థిని,
మిర్యాలగూడ