బాల్బో గురించి సగమే రాశారు

సంపాదకుల వారికి నమస్కారం.

ఇటలీ వైమానికుడు ఇటాలో బాల్బో మీద మీ ఆదివారం అనుబంధంలో వ్యాసం వచ్చి రెండు వారాలైంది. తప్పు దిద్దుతారేమోనని ఇన్నాళ్లూ ఎదురుచూసి, ఇక ఉండబట్టలేక రాస్తున్నాను. 1933లో ఆయన 24 సముద్ర విమానాలను అట్లాంటిక్ దాటించి షికాగోలో దింపిన మాట నిజమే కానీ, అంతకు ముందు ఏం చేసి అంతటివాడయ్యాడో మీ వ్యాసంలో ఒక్క వాక్యమైనా లేదు.

ఉత్తర ఇటలీలోని ఫెరారా ప్రాంతంలో కూలి కోసం సంఘం కట్టుకున్న వ్యవసాయ కూలీల మీదికి, భూస్వాముల డబ్బుతో నల్లచొక్కాల ఫాసిస్టు దండును నడిపింది ఈ బాల్బోయే. ఆ దండు లారీల్లో వచ్చి ఊళ్ల మీద పడి, సంఘం కార్యాలయాలు తగలబెట్టి, దొరికినవాళ్లను కర్రలతో బాది, బలవంతంగా నోరు తెరిపించి ఆముదం పోసేది. మన ఇళ్లలో పసిపిల్లలకు చెంచాడు పట్టే ఆముదాన్ని పెద్దవాళ్ల గొంతులో బలవంతాన పోసి, నలుగురిలో సిగ్గుతో చచ్చేలా చేయడం ఎంత నీచమో వేరే చెప్పాలా? 1922 జులైలో రవెన్నాలో సహకార సంఘాల భవనాన్ని కాల్పించిన సంగతి ఆయనే తన డైరీలో రాసుకున్నాడు.

1923 ఆగస్టులో ఫెరారా దగ్గరి అర్జెంటా ఊళ్లో జొవాన్నీ మింజోని అనే ఫాదరీని ఫాసిస్టులు కొట్టి చంపారు. ఆ హత్యలో బాల్బో ప్రమేయం ఉందని రాసిన 'లా వోచే రెపుబ్లికానా' పత్రిక మీద ఆయన పరువునష్టం దావా వేసి, 1924లో ఓడిపోయి, మిలీషియా (ఫాసిస్టుల సాయుధ దళం) అధిపతి పదవి వదులుకున్నాడు. ఫాసిస్టుల రాజ్యంలోనే ఒక పత్రిక ధైర్యంగా అచ్చువేసిన సంగతిని, ఏ భయమూ లేని మీరు వదిలేయడం నాకు మింగుడుపడటం లేదు.

1938 నాటి యూదు వ్యతిరేక చట్టాలు ఆయనకు నచ్చలేదని రాశారు. అదీ నిజమే. కానీ 1940 జూన్ 28న టోబ్రుక్ వద్ద సొంత సైన్యమే పొరపాటున ఆయన విమానాన్ని కూల్చేదాకా, ఇటలీ వలసగా ఉన్న లిబియాకు గవర్నరుగా అదే ప్రభుత్వాన్ని కొలిచాడు కదా!

మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, ఇటలీ నియంత ముస్సోలినీ బాల్బో విమానయాత్రకు గుర్తుగా షికాగోకు కానుకగా పంపిన రోమన్ స్తంభాన్ని చూశాను. దిమ్మె మీద అరిగిపోయిన అక్షరాలను వేలితో తడుముతూ చదివితే, 'ఫాసిస్టు శకం పదకొండో ఏడు' అని తేలింది. అక్కడ బాల్బో పేరుతో రోడ్డు కూడా ఉంది. 2018లో ఆ పేరు తీసి నల్లజాతి పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్ పేరు పెట్టాలని ప్రతిపాదన వస్తే, నగర పాలకులు ఆమె పేరును మరో రోడ్డుకు పెట్టి దీన్ని ముట్టుకోలేదు. ఎక్కడైనా అధికారులది ఇదే వరస. పత్రికలూ అదే దారి పడితే పిల్లలకు చరిత్ర చెప్పేదెవరు? పూర్వం అనుబంధంలో ఒక వ్యాసం వేయాలంటే నాలుగు పుస్తకాలు తిరగేసేవారు, ఇప్పుడు ఫొటో బాగుంటే చాలనుకుంటున్నారు.

వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో, ఫెరారా కూలీల సంగతీ మింజోని హత్య సంగతీ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు, తెనాలి