పొలంలో విమానం దిగితే జాతర చేయొద్దు

సంపాదకులకు నమస్కారం.

సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసుకునే మాకు శిక్షణ విమానాల మోత కొత్త కాదు. కృష్ణకు అవతల విజయపురి సౌత్‌లో ఎయిర్‌స్ట్రిప్ ఉంది. 2022 ఫిబ్రవరి 26న అక్కడి నుంచి లేచిన చిన్న సెస్నా విమానం మా పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర కూలిపోయింది. ఒంటరిగా నడుపుతున్న శిక్షణ పైలట్, చిన్న వయసు అమ్మాయి, ప్రాణం పోగొట్టుకుంది. అంతకుముందు 2018 నవంబరులో శంకర్‌పల్లి మండలం మోకిల పొలాల్లో ఇలాంటి విమానమే పడితే పైలట్ గాయాలతో బయటపడ్డాడు. ఇన్ని జరిగినా, రేపు మా చేలో విమానం దిగితే ఏం చేయాలో మా ఊళ్లకు చెప్పినవాళ్లు లేరు.

ఇంజన్ ఆగినంత మాత్రాన విమానం నిలువునా పడిపోదు. సెస్నా 152 రకం గంటకు సుమారు 110 కిలోమీటర్ల వేగంతో గాలిలో జారుకుంటూ వస్తుంది. ఆ కాస్త సమయంలో ఖాళీ జాగా వెతికి దించడం పైలట్లకు శిక్షణలోనే నేర్పుతారు. (టీవీల వాళ్లకు మాత్రం చక్రాలు నేలకు ఆనినా కుప్పకూలినట్టే!) చిక్కంతా మా నేలతోనే. యాసంగి వరి మడి పైనుంచి చదునుగా కనపడుతుంది, ముందు చక్రం బురదలో దిగబడిందంటే విమానం తిరగబడుతుంది. బీడు భూమిలో గుండ్లు, గట్లు. పత్తి చేను కొంత నయమనుకుంటే, బోరు మోటారుకు కర్రల మీద లాగిన కరెంటు తీగ ఒకటి అడ్డంగా వేలాడుతుంటుంది. దగ్గరికొస్తే గానీ అది పైలట్ కంటపడదు. ఆ తీగలకు మా పశువులే బలవుతున్నాయి, ఇక విమానం సంగతి చెప్పాలా?

దిగాక అసలు ప్రమాదం మా జనంతోనే. ఈ విమానానికి పెట్రోలు ట్యాంకులు రెక్కల్లోనే, సరిగ్గా తలుపుల పైన ఉంటాయి. నిండుగా ఉంటే వంద లీటర్లకు కొంచెం తక్కువ. దాని కింద నిలబడి బీడీ ముట్టించేవాళ్లు, సెల్ఫీలు దిగేవాళ్లు మనకు తక్కువా? విమానం ముక్కు దగ్గర తిరిగే పంకా ఆగినట్టే కనపడినా చెయ్యి పెట్టకూడదు. మనుషులను బయటికి తీయడానికి, మంటలు ఆర్పడానికి తప్ప శకలాలను కదపకూడదని 2017 నాటి విమాన ప్రమాదాల దర్యాప్తు నియమాలు చెబుతున్నాయి. తెలియక ఒక ముక్క ఇంటికి పట్టుకెళ్లినా కారణం తేలడం కష్టమవుతుంది.

ఇక పంట. విమానం నాలుగు సాళ్లు చెడగొడితే, చూడవచ్చిన జనం, బండ్లు ఎకరం తొక్కిపోతాయి. ఆ నష్టం ఎవరిని అడగాలో రైతుకు తెలియదు. వ్యవసాయ విస్తరణ అధికారి అదే రోజు పంచనామా చేసి, విమానం నడిపిన సంస్థ నుంచి డబ్బు ఇప్పించే పద్ధతి ఉండాలి.

కలెక్టరు గారు, పోలీసులు, శిక్షణ సంస్థలు కూర్చుని మాట్లాడుకుంటే అయ్యే పనే ఇది. విమానాలు తిరిగే ఊళ్లలో గ్రామ పంచాయతీ గోడ మీద తెలుగులో ఒక బోర్డు రాయించండి: ముందు 112కి ఫోన్ చేయాలి, జనాన్ని దూరంగా ఉంచాలి, నిప్పు వద్దు, ముక్కలు ముట్టుకోవద్దు. మహబూబ్‌నగర్ జిల్లా దేవరకద్ర దగ్గర విమానాశ్రయం వస్తుందని ఏళ్లుగా వింటున్నాం. ఈ బోర్డుకు మాత్రం సర్వేలు అక్కర్లేదు, డబ్బా రంగు చాలు.

– ఒక రైతు, పెద్దవూర మండలం, నల్లగొండ జిల్లా